టెన్‌పిన్ బౌలింగ్: మాల్ లేన్లకీ, టోర్నమెంట్ ఆయిల్‌కీ కలిపి ఒకే బాల్: ఏది కొనాలి?

హుక్‌పిచ్చి
ఇన్నాళ్లూ అక్కడ అందరికీ ఇచ్చే హౌస్ బాల్స్‌తోనే లాగించాను, ఇక సొంతది కొనాలి. యూట్యూబ్‌లో అసిమెట్రిక్ కోర్ (లోపలి దిమ్మ అన్నివైపులా ఒకేలా లేనిది), సాలిడ్ రియాక్టివ్ కవర్ (లేన్‌ని గట్టిగా పట్టుకునే పై పొర) ఉన్నవి తిరుగుతుంటే కళ్లు చెదురుతున్నాయి. మేం ఆడేది హైటెక్ సిటీ వైపు మాల్స్‌లో, అప్పుడప్పుడు బెంగళూరు వెళ్లి టోర్నమెంట్. రెండిటికీ పనికొచ్చేది చెప్పండి. రెండో బాల్‌కి ఇంట్లో పర్మిషన్ రాదు.

పదోపిన్ను_బాధితుడు
బాల్ సంగతి తర్వాత, ముందు లేన్ సంగతి చూడు తమ్ముడూ. ఇక్కడ చాలాచోట్ల లేన్ మీద పూసే ఆయిల్ అంతంతమాత్రం, సాయంత్రం బర్త్‌డే పార్టీలు అయ్యాక అదీ మిగలదు. నువ్వు చెప్పిన బాల్ ఆ లేన్ మీద వేస్తే బాణం గుర్తులు దాటగానే పట్టేసుకుంటుంది, పిన్స్ దగ్గరికి చేరేసరికి ఊపు అయిపోతుంది. పాకెట్‌లో (ఒకటో, మూడో పిన్ల మధ్య సందు) సరిగ్గా తగిలినా పదో పిన్ను ఎక్కడికీ పోదు. నా యూజర్‌నేమ్ ఊరికే పెట్టుకోలేదు.

సెకండ్‌యారో
అందరూ కోర్ కోర్ అంటారు గానీ లేన్‌కి తగిలేది కవర్. అదే బాల్‌ని 500 అబ్రలాన్ ప్యాడ్‌తో (గరుకు ప్యాడ్, నంబర్ తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) రుద్దితే ఎక్కువ ఆయిల్‌లో కూడా ముందే పట్టుకుంటుంది, పాలిష్ చేస్తే ముందు సగం జారుకుంటూ వెళ్లి చివర్లో తిరుగుతుంది. అందుకే నా ఓటు సిమెట్రిక్ కోర్ ఉన్న మీడియం పెర్ల్‌కి (సాలిడ్ కన్నా ఆలస్యంగా పట్టుకునే కవర్), లేదంటే హైబ్రిడ్‌కి (రెండూ కలిపింది). మాల్‌లో పాలిష్‌తో ఆడు, బెంగళూరు వెళ్లే ముందు రోజు 2000 ప్యాడ్‌తో రుద్దు. ముందు రోజే ఎందుకంటే, యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) రూల్స్ ప్రకారం నడిచే పోటీలో ఆట మొదలయ్యాక రుద్దడానికి లేదు.

యురేథేన్_భక్తుడు
ఇంత గొడవెందుకు, రియాక్టివ్ బదులు యురేథేన్ కవర్ ఉన్న బాల్ తీసుకుంటే సరి. డ్రై లేన్ మీద కూడా తలతిక్కగా తిరగదు, నున్నటి వంపు.

సెకండ్‌యారో
డ్రై లేన్ వరకూ ఒప్పుకుంటాను. కానీ యురేథేన్ ఆయిల్‌ని రియాక్టివ్‌లాగా పీల్చుకోదు, ముందుకు ఈడ్చుకెళ్తుంది, నాలుగు గేమ్‌లు అయ్యేసరికి నీ లైన్‌ని నువ్వే పాడుచేసుకుంటావు. ఆయిల్ దట్టంగా ఉంటే తిరగనే తిరగదు. ఒక్కటే బాల్ ఉన్నవాడికి అది కష్టం.

ముప్పైతొమ్మిది_బోర్డులు
ఆయిల్ ఎంతుందో తెలుసుకోవడం అంత బ్రహ్మవిద్యేం కాదు. బాల్ వెనక్కి రాగానే తుడవకుండా వెలుతురులో తిప్పి చూడండి. ఉంగరాల్లా ఆయిల్ గీతలు పడి ఉంటాయి. దట్టంగా, తడిగా కనిపిస్తే లేన్ మీద బోలెడు ఉన్నట్టు. కనీకనిపించనట్టు ఉంటే పొడి లేన్. చూశాక మైక్రోఫైబర్ బట్టతో తుడవండి, ప్రతి షాట్‌కీ.

టోర్నమెంట్‌లో ప్యాటర్న్ (లేన్ మీద ఆయిల్ పూసిన మేర) పొడవు అడుగుల్లో ముందే చెబితే అందులోంచి 31 తీసెయ్యండి. 40 అడుగులైతే బాల్ అంచు నుంచి తొమ్మిదో బోర్డు (లేన్‌లోని సన్నటి పలక) దగ్గర మలుపు తీసుకోవాలి. 35 అయితే నాలుగో బోర్డు, అంటే దాదాపు గటర్ (పక్క కాలువ) పక్కనే. అంచనా లెక్కే అయినా మొదటి ఫ్రేమ్‌లో టెన్షన్ తగ్గుతుంది.

హుక్‌పిచ్చి
హైబ్రిడ్‌కి ఫిక్స్ అయ్యా. 13 పౌండ్లా, 15 పౌండ్లా?

పదోపిన్ను_బాధితుడు
చెయ్యి ఓర్చుకునేంత. కాకపోతే 14 కంటే దిగితే చాలా మోడల్స్‌లో లోపల కోర్ మార్చేస్తారు, రివ్యూలో చూసిన బాల్, నీ చేతికొచ్చే బాల్ ఒకటి కావు. ఇంకోటి, డ్రిల్లింగ్ (వేళ్ల రంధ్రాలు తొలవడం) ఎవడి చేతి కొలత వాడిదే, స్నేహితుడి బాల్ అడిగి తెచ్చుకుని అందులో బొటనవేలు పెట్టి చూసి ఏదీ తేల్చుకోకు. స్పేర్లకి (మొదటి బాల్‌కి పడకుండా మిగిలిన పిన్లు కొట్టడానికి) హౌస్ ప్లాస్టిక్ బాలే వాడు, అది ఎలాంటి ఆయిల్ మీదైనా దాదాపు తిన్నగా పోతుంది, ఇంట్లో పర్మిషనూ అక్కర్లేదు.

ముప్పైతొమ్మిది_బోర్డులు
మన ఊరి ఎండలో కారు డిక్కీలో మాత్రం వదిలెయ్యొద్దు. మే నెలలో డిక్కీలో కాగిపోయి, వెంటనే ఏసీ హాల్లోకి వస్తే రియాక్టివ్ కవర్లు పగుళ్లిస్తాయి. మా టీమ్‌లో ఒకాయన బాల్‌కి రెండు వేళ్ల రంధ్రాల మధ్య వెంట్రుకంత గీత వచ్చింది, నెల తిరిగేసరికి వేలు ఇరుక్కునేంత అయింది. ఇప్పుడాయన బాల్‌ని ఆఫీసులో డెస్క్ కింద పెట్టుకుంటాడు.

హుక్‌పిచ్చి
మా ఆఫీసులో డెస్క్ కింద చోటుంది. ఆర్డర్ పెడుతున్నా.