చీరల పేజీలో ఇంటి కష్టం రాయొచ్చా?

ప్రశ్న (పుట్టపాక): అందరికీ నమస్తే. మా ఇంట్లో నేసే చీరలను వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో నేనే అమ్ముతున్నాను. లైకులొస్తాయి, ఆర్డర్లు రావు. "మీ కష్టాలు రాయి, జనం కనెక్ట్ అవుతారు" అన్నారొకరు. నాన్న చేసిన అప్పు, ఆయన పోయాక అమ్మ పడ్డ బాధ అంతా రాసిపెట్టుకున్నా. పోస్టు చేయడానికి మాత్రం చెయ్యి రావట్లేదు.

చౌటుప్పల్ నుంచి: చెల్లీ, ఆ కథలో సగం మీ అమ్మది. ముందు ఆమెకు చదివి వినిపించు. రేపు చుట్టాలు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. వద్దంటే ఆపెయ్యి.

అయ్యో పాపం అని కొన్నవాళ్లు రెండో చీరకు రారు. అందుకే చీరలో ఉన్న కష్టం రాయి. తల్లి భుజం నొప్పి చూడలేకనే కదా చింతకింది మల్లేశం గారు, నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పోసే ఆసు మెషిన్ చేసింది! దానికి తల్లి పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. ఆ ఒక్క మాటతో భుజం నొప్పి ఎవరికైనా తెలుస్తుంది.

మహబూబ్‌నగర్ నుంచి: నేను జొన్నరొట్టెలు అమ్ముతాను. ముంబైకి వలసపోయిన రోజుల గురించి రాస్తే, బడిలో పిల్లలు మా వాడిని ఏడిపించారు. తీసేశాను గానీ స్క్రీన్‌షాట్లు ఇంకా తిరుగుతున్నాయి. పిల్లల్ని అడక్కుండా రాయడం నా తప్పే.

పుట్టపాక: అమ్మకు వినిపించాను. "మీ నాయిన ముచ్చట తియ్యకు బిడ్డా" అన్నది. కాసేపాగి, చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే కట్టు) కట్టీ కట్టీ రబ్బరు ఒరుసుకుపోయిన చూపుడువేలు చాపి, "రాస్తే దీని గురించి రాయి" అన్నది.

చౌటుప్పల్ నుంచి: అదే పెట్టు. వేలి పక్కన కట్టిన నూలు కూడా కనిపించాలి. ఎన్ని రోజుల పనో, ఎవరెవరి చెయ్యి పడిందో, ధర ఎంతో కిందనే రాయి. ధర దాస్తే అడగడానికి మొహమాటపడి పోతారు. చీర తిరగేసి చిన్న వీడియో తియ్యి: ప్రింటు చీరకు వెనక రంగు వెలిసినట్టుంటుంది, మనదానికి రెండు వైపులా ఒకటే. తేలియా రకం అయితే నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నానబెడతామని ముందే చెప్పు, లేకపోతే చీర అందగానే ఈ వాసనేంటని ఫోన్లు చేస్తారు. తేలియాకు 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చేది) వచ్చిందని కూడా రాయి.

పుట్టపాక: సరే అన్నా, పొద్దున వెలుతుర్లో తీస్తాను. వేలికి రంగు అంటి ఉంది, కడుక్కోమనాలా?

చౌటుప్పల్ నుంచి: వద్దమ్మా, అట్లనే ఉండనీ.