గన్నవరంలో గద్దల బెడద: మాంసం దుకాణాలు మూయిస్తే తీరుతుందా?

బెంజ్‌సర్కిల్ వాసి: 2025 సెప్టెంబరులో గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయంలో టేకాఫ్‌కి ముందే బెంగళూరు విమానానికి గద్ద తగిలి సర్వీసు రద్దయింది. రూల్ ఎప్పటి నుంచో ఉంది. 1937 విమాన నిబంధనల్లో 91వది చూడండి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించేలా జంతువుల్ని కోయడం, చెత్త పారబోయడం నిషేధం. దుకాణాలు మూయించడానికి ఇంకా ఆలోచన ఎందుకు?

కేసరపల్లి కుర్రాడు: మా బాబాయిది చికెన్ షాపేనండి. గద్ద షాపు దగ్గరికి రాదు, కాలవ గట్టున పడేసిన పేగుల దగ్గరికి వస్తుంది. వ్యర్థాల డ్రమ్ములు ఎత్తే బండి రాకపోతే సరుకు ఎక్కడో ఒకచోట పడుతుంది. ఆ బండి సంగతి ఎవరూ అడగరు, షాపు మాత్రం మూసేయమంటారు.

గుంటూరు నుంచి: ఇద్దరూ గద్ద దగ్గరే ఆగిపోయారు. అసలు ఏ పక్షి, ఎంత బరువు, ఒంటరిగా తిరుగుతుందా గుంపుగానా, ఏ వేళ రన్‌వే దాటుతుంది? ముందు ఇవి లెక్కగట్టాలి. విమానం వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. పెద్ద పక్షి లోపల పడితే ఇంజిన్ నిప్పంటుకోకుండా, ముక్కలు బయటికి చిమ్మకుండా ఆగితే, ఇంజిన్‌కి అనుమతి ఇచ్చే ముందు చేసే పరీక్షలో పాసైనట్టే. నడుస్తూనే ఉండాలన్న షరతు లేదు. గుంపైతే రెండు ఇంజిన్లకీ తగలొచ్చు, అందుకే గుంపులంటే నాకు ఎక్కువ భయం. 2009 జనవరిలో న్యూయార్క్‌లో పెద్దబాతుల (కెనడా గూస్) గుంపు తగిలి రెండు ఇంజిన్లూ పోయాయి, విమానం హడ్సన్ నదిలో దిగింది. 155 మందీ బతికారు, పైలట్ల నేర్పు వల్ల.

మనకు కొల్లేరు గూడబాతులు (పెలికాన్లు) ఉన్నాయి, ఒక్కోటి నాలుగైదు కిలోలు. నాట్ల కాలంలో దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) చేసే ట్రాక్టర్ల వెనకాల కొంగలు బారులు తీరతాయి. షాపులన్నీ మూసినా అవి వస్తాయి. రైతును దున్నొద్దనలేం. ప్రహరీ పక్క పొలాల్లో దమ్ము ఏ రోజో ముందే ఎయిర్‌పోర్టుకు తెలిస్తే, ఆ గంటల్లో పక్షుల్ని తరిమేవాళ్లను అటువైపు నిలబెట్టొచ్చు. పక్షుల్ని బెదరగొట్టడానికి చప్పుడు చేసే గ్యాస్ తుపాకీ రోజూ ఒకేచోట పేలిస్తే పక్షులు అలవాటు పడిపోతాయి, దాని మీదే ఆధారపడొద్దు. ఎయిర్‌పోర్టు లోపల గడ్డి, పురుగులు, మురుగు నీళ్లు నిలిచే గుంటలు కూడా చూసుకోవాలి.

బెంజ్‌సర్కిల్ వాసి: కొంగల మాట ఒప్పుకుంటాను. కానీ పొలం ఏడాదంతా దమ్ములో ఉండదు కదా, వ్యర్థాలు రోజూ పడతాయి. బండి రాలేదని కాలవ గట్టున పోసేవాడికి జరిమానా వేయాల్సిందే.

కేసరపల్లి కుర్రాడు: వేయండి, నాకు అభ్యంతరం లేదు. ముందు ఆదివారం మధ్యాహ్నం బండి పంపించమనండి. వారం మొత్తంలో ఎక్కువ కోళ్లు కోసేది ఆ రోజే. విమానాశ్రయం వాళ్లు, స్థానిక సంస్థల వాళ్లు, జిల్లా అధికారులు కూర్చునే కమిటీ ఉంది, అక్కడికి షాపుల వాళ్లనూ ఒకసారి పిలిస్తే బండి ఏ వేళకు కావాలో మేమే చెబుతాం.

గుంటూరు నుంచి: పొలాల వాళ్లనూ పిలవాలి తమ్ముడూ. దమ్ము తేదీలు చెప్పాల్సింది వాళ్లే.