మాటలు వెనక్కి తిరిగితే ‘సత్యం జ్ఞానమనంతం’ ఏం చెప్పినట్టు?

ప్రశ్న:
తైత్తిరీయ ఉపనిషత్తు ఆనందవల్లి 1వ అనువాకంలో (విభాగంలో) ‘సత్యం జ్ఞానమనంతం బ్రహ్మ’ (బ్రహ్మం సత్యం, జ్ఞానం, అనంతం) అని ఉంది. అదే వల్లిలో 4, 9 అనువాకాలకొచ్చేసరికి ‘యతో వాచో నివర్తంతే’ (దేన్ని అందుకోలేక మాటలు వెనక్కి తిరుగుతాయో) అని ఉంది. అందని దాని గురించి ముందే మూడు మాటలెలా చెప్పారు? శాంకర భాష్యంలో నల్లకలువ ప్రస్తావన దేనికి?

జవాబు 1:
నల్లకలువలో ‘నల్ల’ విశేషణమండీ. ఒక కలువను మిగతా కలువల నుంచి వేరు చేస్తుంది. ఇంకో బ్రహ్మం లేదు కాబట్టి ఇక్కడ ఆ పని లేదు. అందుకే శంకరులు దీన్ని లక్షణం అన్నారు: ‘చోటిచ్చేది ఆకాశం’ అన్నట్టు, అన్నిటి నుంచీ వేరు చేసేది. (తత్త్వమసి దగ్గర చెప్పే లక్షణావృత్తి, అంటే మాట నేరు అర్థం వదిలి దానికి సంబంధించిన అర్థాన్ని సూచించడం, వేరే సంగతి, కలపకండి.)

మూడు మాటల్నీ విడివిడిగా బ్రహ్మంతో అన్వయించాలి. ‘సత్యం’ మారిపోయేవాటిని తోసేస్తుంది. అక్కడే ఆగితే కుండలకు మట్టిలా బ్రహ్మమూ జడమేమో అనిపిస్తుంది. ‘జ్ఞానం’ అది తీరుస్తుంది. లోకంలో జ్ఞానానికి హద్దుంటుంది కదా, దానికి ‘అనంతం’. చాలామంది జారేది జ్ఞానం దగ్గరే. ‘తెలుసుకునేవాడు’ అని కర్త్రర్థం చెబితే తెలియబడేది ఇంకొకటి వచ్చిపడి, అనంతం పోతుంది. ‘తెలివి’ అనే భావార్థమే పట్టాలి.

మాట ఒక వస్తువును చెప్పాలంటే జాతి, గుణం, క్రియ, సంబంధం, వీటిలో ఏదో ఒకటి ఆసరా కావాలి. బ్రహ్మానికి అవేవీ లేవు. కాబట్టి ఈ మాటలు దాన్ని లక్షిస్తాయి (సూచిస్తాయి), వాచ్యంగా (నేరుగా) చెప్పవు. విరోధం లేదు.

జవాబు 2:
విశిష్టాద్వైతం చెప్పిన రామానుజులు దీనికి ఒప్పుకోరు. సామానాధికరణ్యమంటే వేర్వేరు ప్రవృత్తినిమిత్తాలు (ఆ మాట వాడటానికి కారణమయ్యే గుణంలాంటివి) ఉన్న పదాలు ఒకే వస్తువును చెప్పడం. గుణాలు తీసేస్తే ఆ నిర్వచనమే నిలవదు. పైగా ‘యతో వాచో’ 9లో ఎక్కడొచ్చిందో చూడండి: 8వ అనువాకపు ఆనంద లెక్క తర్వాత. మనుష్యానందం నుంచి బ్రహ్మ ఆనందం దాకా పది మెట్లు, మెట్టుకు నూరింతలు. అంటే 1 పక్కన 20 సున్నాలు. మాటలు తిరిగొచ్చేది కొలత దొరక్కే తప్ప గుణం లేక కాదంటారు. సందర్భం వరకూ ఈ అన్వయమే బలంగా ఉంది.

ప్రశ్న:
జవాబు 1 ప్రకారం మూడూ తోసేయడమే అయితే మిగిలేది శూన్యమేగా?

జవాబు 1:
కాదు. ‘అనంతం’ ఒక్కటే అంతాన్ని నిషేధించి పనిచేస్తుంది. సత్య, జ్ఞాన శబ్దాలు తమ అర్థాన్ని అందిస్తూనే విశేషణాలవుతాయని (నల్లకలువలోలా కాదు, లక్షణం చెప్పడానికే) ఆ భాష్యంలోనే ఉంది.