అమెరికా అంతర్యుద్ధంలో బాప్టిస్టులు ఎటు వైపు?

ప్రశ్న: మాది ఒంగోలు, తాతల కాలం నుంచీ బాప్టిస్టు క్రైస్తవులం. 1861–65 యుద్ధంలో ఒకే బైబిల్ చదివినవాళ్లు ఒకరినొకరు ఎలా కాల్చుకున్నారు? చర్చి ఆపలేకపోయిందా?

జవాబు 1: చర్చి అప్పటికే చీలిపోయిందండీ. బానిసలున్న యజమానిని మిషనరీగా పంపేది లేదని ఉత్తరాదివాళ్లు తేల్చేయడంతో 1845లో దక్షిణాదివాళ్లు జార్జియాలోని అగస్టాలో కూడి వేరు కుంపటి పెట్టుకున్నారు.

జవాబు 2: భక్తికి మాత్రం లోటు లేదు. 1863లో దక్షిణాది సేనాని లీ సైన్యం వర్జీనియాలో రాపిడాన్ నది దగ్గర మకాం వేసినప్పుడు పెద్ద ఉజ్జీవమే (భక్తి వెల్లువ) వచ్చింది, సైనికులు నదిలో దిగి మునిగి బాప్తిస్మం తీసుకుని మళ్లీ తుపాకీ పట్టుకునేవాళ్లు. నన్ను ఎక్కువ కదిలించేది రిచ్‌మండ్‌లోని ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి. సభ్యులంతా నల్లవాళ్లే, కానీ నల్లవాళ్లు ప్రసంగించకూడదని చట్టం, అందుకే కాపరి (పాస్టర్) తెల్లాయన రాబర్ట్ రైలాండ్. యుద్ధం ముగిశాకే, 1867లో, వాళ్లలోనే బానిసగా బతికిన జేమ్స్ హోమ్స్ కాపరి అయ్యాడు. అన్నేళ్లు ఎదురుచూశారు పాపం!

జవాబు 3: మీ ఊరికీ లింకు ఉందండీ. క్లౌ దొరగారు ఉత్తరాది బాప్టిస్టుల తరఫున మిషనరీగా ఇండియాకు ఓడెక్కింది 1864 చివర్లో, అక్కడ ఇంకా యుద్ధం నడుస్తుండగానే. 1866లో ఒంగోలు చేరారు.

ప్రశ్న అడిగినవారు: ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఈ రాత్రే అమ్మకు చెప్తాను.