ఆయిల్ సంప్‌కి ఏ సిలికాన్? ఎరుపా, నలుపా, అసలు ప్యాకింగ్ చాలా?

పటమట వాసి:
అందరికీ నమస్కారం. మా డీజిల్ కారు సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచున ఆయిల్ చెమ్మ కనబడుతోంది. ఆటోనగర్‌లో ఒకాయన ఎర్ర సిలికాన్ (గట్టిపడి అతుకు మూసే పేస్ట్) వేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదన్నారు. ఇంకొకాయన ఎరుపు సైలెన్సర్ వైపుకే, సంప్‌కి నలుపే వేయాలన్నారు. స్పేర్ పార్టుల షాపులో మాత్రం అంచుల మధ్య పెట్టే ప్యాకింగ్ (గ్యాస్‌కెట్) కొత్తది వేసి దానికి రెండు వైపులా పేస్ట్ పూయించమన్నారు. ఎవరి మాట వినాలి?

గుంటూరు ట్యాక్సీ:
ఎరుపే వేయించండి అన్నా. 300 డిగ్రీలు దాటినా తట్టుకుంటుందని ట్యూబ్ మీదే రాసి ఉంటుంది. మన ఎండలకు, హైవే మీద లాగుడుకు అదే కరెక్ట్. నా బండికి దండిగా పూయించాను, చుక్క కారలేదు.

ఆటోనగర్ ఇంజిన్ మేస్త్రి:
తమ్ముడూ, సంప్‌లో ఆయిల్ 300 డిగ్రీలకు ఎప్పుడు వెళ్తుంది? మామూలుగా 100 అటూ ఇటూ. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కితే 120, 130. ఆ మాత్రం వేడికి ఇంజిన్ సిలికాన్ ఏదైనా ఆగుతుంది. సంప్ దగ్గర కావాల్సింది ఆయిల్‌లో రాత్రింబవళ్లు నానినా ఉబ్బని, మెత్తబడని సరుకు. నలుపు, బూడిద రంగు ట్యూబులు చాలావరకు అందుకే చేస్తారు. అయినా రంగును నమ్మి కొనొద్దు. కంపెనీలన్నిటికీ కలిపి రంగుల రూలంటూ లేదు. ట్యూబ్ తిప్పి ఆయిల్‌ను తట్టుకుంటుందని, ‘సెన్సర్ సేఫ్’ (ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేయదు) అని రాసి ఉందో లేదో చూడాలి.

ఇక ‘దండిగా’ అన్నావు చూడు, నా బాధంతా అక్కడే. బోల్టులు బిగించినప్పుడు పేస్ట్ బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. బయటిది గుడ్డతో తుడుస్తాం. లోపలిది ఎవరు తుడుస్తారు? అది గట్టిపడి, ఆయిల్ దెబ్బకు ఊడి, ఆయిల్ పంపు పీల్చే చోటున్న స్ట్రెయినర్ జాలీకి పడుతుంది. సంప్ విప్పితే జాలీకి సేమ్యా పోగుల్లా నల్లటి తీగలు అతుక్కుని ఉంటాయి. అలాంటి బండ్లు మా షెడ్‌కి వస్తూనే ఉన్నాయి. ఆయిల్ లైటు వెలిగి ఆరుతుంటే ప్రెషర్ స్విచ్ మార్చి పంపేస్తారు. ఈలోపు టర్బోకి, క్రాంక్ బేరింగులకు ఆయిల్ అందదు. వెయ్యి రూపాయల పనికి ఇంజిన్ దించాల్సి వస్తుంది. 2, 3 మిల్లీమీటర్ల తీగ, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, ఎక్కడా తెగకుండా లాగితే చాలు.

గుంటూరు ట్యాక్సీ:
మరి నా బండి బాగానే తిరుగుతోంది కదా బాబాయ్.

ఆటోనగర్ ఇంజిన్ మేస్త్రి:
తిరగనీ, సంతోషమే. వచ్చే సర్వీసుకి ఒకసారి సంప్ దించి జాలీ చూపించుకో. నా మాట కోసమైనా చూపించుకో.

స్పేర్స్ కౌంటర్:
ప్యాకింగ్ మీద పేస్ట్ అడిగేవాళ్లు మా దగ్గరికి రోజూ వస్తారు. కార్క్, పేపర్ ప్యాకింగ్‌ల కాలం నుంచి వచ్చిన అలవాటది. రబ్బరు ప్యాకింగ్‌కి మాత్రం వద్దు. పేస్ట్ తడిగా ఉండగా బిగిస్తే రబ్బరు జారి పక్కకు తన్నుకొస్తుంది. ఇంజిన్ పైనుండే టాపెట్ కవర్‌కి కూడా పొడిగానే వేయాలి. టైమింగ్ కవర్ హెడ్‌ని (ఇంజిన్ పై భాగాన్ని) కలిసే మూలల్లో మాత్రం చిన్న చుక్క పెట్టమని చాలా ఇంజిన్లకు కంపెనీవాళ్లే చెబుతారు. పటమట అన్నగారూ, ముందు మీ బండికి ప్యాకింగ్ ఉందో లేదో కనుక్కోండి. ఈమధ్య బండ్లలో చాలావాటికి సంప్ ప్యాకింగ్ ఉండదు, ఫ్యాక్టరీలోనే సిలికాన్ వేస్తారు.

పాలిటెక్నిక్ మాస్టారు:
బాత్‌రూమ్‌కి, అద్దాలకు వాడే సిలికాన్ ఇంజిన్‌కి వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. పూస్తుంటే వెనిగర్ వాసన వస్తే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం వస్తోందని అర్థం. అది లోహాన్ని తినేస్తుంది. ఆ సిలికాన్ నుంచి వచ్చే ఆవిర్లు క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు గది) గాలితో ఇంజిన్‌లోకి పోయి కాలితే పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ మీద సిలికా పొర కడుతుంది, సెన్సర్ పాడవుతుంది. పెట్రోల్ తగిలే చోట మామూలు సిలికాన్ ఏదీ పనికిరాదు, ఉబ్బి ఊడిపోతుంది. హెడ్ గ్యాస్‌కెట్‌కి అసలే పూయకూడదు.

ఒక్క విషయంలో మేస్త్రిగారిని అడగాలి. సిలికాన్ పూశాక చేత్తో బిగించి గంట ఆగి, తర్వాత పానా వేస్తారు చాలామంది. సర్వీస్ మాన్యువళ్లలో ఎక్కువగా పైపొర కట్టకముందే, అంటే సుమారు 10 నిమిషాల్లోపే, పూర్తి టార్క్‌కి (కంపెనీ చెప్పిన బిగువుకి) బిగించమని ఉంటుంది. పొర కట్టాక బిగిస్తే అంటుకునే గుణం పోతుంది కదా?

ఆటోనగర్ ఇంజిన్ మేస్త్రి:
అల్యూమినియం సంప్ అయితే మీరన్నదే నిజం మాస్టారూ, వెంటనే బిగించాలి. రేకు సంప్‌కి మాత్రం వెంటనే గట్టిగా లాగితే పేస్టంతా పక్కలకు పోయి మధ్యలో ఏమీ మిగలదు. నేను రేకుకి ఆగే బిగిస్తాను.

పాలిటెక్నిక్ మాస్టారు:
రేకు సంప్‌కైనా సరిగ్గా చెప్పిన టార్క్‌కి బిగిస్తే అలా జరగదు. షెడ్లలో టార్క్ రెంచ్ వాడకపోవడమే అసలు సమస్య. ఇక్కడ మీతో ఏకీభవించలేను.

పటమట వాసి:
మాది రేకు సంపే. విచారిస్తే ప్యాకింగ్ లేదట, ఫ్యాక్టరీ నుంచే సిలికాన్. పొద్దున ఇస్తే సాయంత్రానికి బండి తీసుకోవచ్చా?

ఆటోనగర్ ఇంజిన్ మేస్త్రి:
వద్దండీ. సిలికాన్ గాలిలో తేమతో గట్టిపడుతుంది, అదీ పైనుంచి లోపలికి మెల్లగా. పూర్తిగా ఆరడానికి 24 గంటలు అనుకోండి. ఆయిల్ మర్నాడు పోయించండి. మిషన్‌కి గరుకు బిళ్ల పెట్టి అంచులు రుద్దుతామంటే ఒప్పుకోకండి, ఆ పొడి లోపల పడితే బేరింగులు అరుగుతాయి. ప్లాస్టిక్ గీకుడుతో పాత పేస్ట్ తీసి, బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు లేకుండా తుడవాలి. రేకు అంచు బోల్టు రంధ్రాల దగ్గర పైకి లేచి ఉంటుంది. కింద చదునైన ఇనుప దిమ్మె పెట్టి, చిన్న సుత్తితో తట్టి సమం చేయించండి. అది చేయకపోతే ఏ రంగు వేసినా మళ్లీ అక్కడే కారుతుంది.