ఎలిజబెత్ వారెన్: దివాలా చట్టం పాఠాల నుంచి సెనేట్ దాకా

ప్రశ్న:
వారెన్ 1996 దాకా రిపబ్లికన్‌గా నమోదైన ఓటరు అని చదివాను. హార్వర్డ్‌లో దివాలా చట్టం చెప్పిన ప్రొఫెసర్ అమెరికా వామపక్షంలో అంత పెద్ద గొంతు ఎలా అయ్యారు? మన దగ్గర వామపక్షం అంటే అనుకునే అర్థం ఆమెకు సరిపోతుందా? వ్యాసం రాస్తున్నాను, తప్పులు దొర్లకూడదు.

జవాబు 1:
పార్టీ మారిన ఏడాది నుంచి మొదలుపెట్టకండి, కోర్టు ఫైళ్ల నుంచి మొదలుపెట్టండి. టెరీసా సలివన్, జే వెస్ట్‌బ్రూక్‌లతో కలిసి టెక్సస్, ఇల్లినాయ్, పెన్సిల్వేనియాల్లో 1981లో పడిన దివాలా పిటిషన్లను ఆమె పరిశీలించారు. ఐపీ పెట్టేవాళ్లు ఎగవేతదారులని రుజువు చేద్దామనే దిగారు. తీరా ఫైళ్లలో ఉన్నది ఉద్యోగాలు చేసుకునే మధ్యతరగతి. తర్వాతి సర్వేల్లో కారణాలూ తేలాయి: ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు.

1995లో దివాలా చట్ట సమీక్ష కమిషన్‌కు సలహాదారయ్యారు. అప్పులిచ్చే కంపెనీలు కోరిన కఠిన చట్టంపై ఏళ్ల తరబడి పోరాడినా 2005లో అది పాసైంది. గత 6 నెలల సగటు ఆదాయం రాష్ట్ర మధ్యస్థాయిని దాటితే ఇప్పుడు అప్పు కట్టగల స్తోమతను లెక్కగట్టే పరీక్ష (మీన్స్ టెస్ట్) ఉంటుంది. అందులో తప్పితే అప్పులు త్వరగా రద్దయ్యే చాప్టర్ 7 మామూలుగా దక్కదు. చాప్టర్ 13 కింద 5 ఏళ్లు వాయిదాలు కట్టాలి. పిటిషన్‌కు ముందు 180 రోజుల్లోపు క్రెడిట్ కౌన్సెలింగ్ కూడా తప్పనిసరి. నా దృష్టిలో ఆమెను రాజకీయాల్లోకి నెట్టింది ఈ ఓటమే.

జవాబు 2:
చాలామంది రాసే తప్పు ఒకటుంది. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు ఆమె ఎప్పుడూ డైరెక్టర్ కాలేదు. 2007లో ఆ ఆలోచన రాశారు, 2010లో ఆర్థిక రంగ సంస్కరణల కోసం వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం దాన్ని సంస్థగా చేసింది, దాన్ని నిలబెట్టే పని ఆమెకు అప్పగించారు. కానీ సంస్థ స్వరూపం మార్చకపోతే ఎవరినీ డైరెక్టర్‌గా ఆమోదించబోమని 2011లో 44 మంది రిపబ్లికన్ సెనేటర్లు లేఖ రాశారు. దాంతో ఒబామా ఆ పదవికి ఆమెను కాకుండా రిచర్డ్ కార్డ్రేను ప్రతిపాదించారు. వారెన్ 2012లో మసాచుసెట్స్‌లో స్కాట్ బ్రౌన్‌ను ఓడించి సెనేట్‌కు వెళ్లారు.

ఇంకో జాగ్రత్త. దివాలాల్లో సగం దాకా వైద్య కారణాలవల్లేనని 2005లో వచ్చిన అధ్యయనానికి ఆమె సహరచయిత. బీమా భరించని వైద్యం బిల్లు 1,000 డాలర్లు దాటినా ఆ లెక్కలోకి తీసుకున్నారు. విమర్శ ఎక్కువగా ఆ నిర్వచనం మీదే. అంకె ఇస్తే నిర్వచనం కూడా ఇవ్వండి.

జవాబు 3:
మన కమ్యూనిస్టు పార్టీల అర్థంలో వామపక్షం కాదు. అక్కడి మరో వామపక్ష నేత, సెనేటర్ బెర్నీ శాండర్స్ తనను డెమొక్రాటిక్ సోషలిస్టు అంటారు, వారెన్ పెట్టుబడిదారీ వ్యవస్థను నమ్ముతానంటారు. మార్కెట్ ఉండాలి, దానికి గట్టి నియమాలుండాలి అన్నది ఆమె వాదం. 2019లో ప్రతిపాదించిన సంపద పన్ను చూడండి: 5 కోట్ల డాలర్లు దాటిన ఆస్తిపై ఏటా 2 శాతం, 100 కోట్లు దాటిన భాగంపై 3 శాతం. ఆదాయం మీద కాదు, ఆస్తి మీద. ఈ రెండూ కలిపేస్తే వ్యాసం అక్కడే తప్పుతుంది.