సంక్రాంతికి ఊరు వెళ్లేలోపు: ఎవరూ లేకున్నా మోగుతున్న ఇంటి అలారం

ప్రశ్న (వనస్థలిపురం నుంచి):
మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. వీధి తలుపుకూ పెరటి తలుపుకూ డోర్ సెన్సర్లు, హాలులో ఒక మోషన్ సెన్సర్, ఒక ప్యానెల్, బయట సైరన్ వైరింగుతో పెట్టించాము. తలుపులన్నీ వేసి ఉన్నా సాయంత్రం పూట సైరన్ మోగుతోంది, పక్కింటివారు విసుక్కుంటున్నారు. సంక్రాంతికి అందరం ఊరు వెళ్తున్నాము కాబట్టి మోషన్ సెన్సర్‌ను ఆపేసి, తలుపుల సెన్సర్లతో సరిపెట్టుకోవచ్చా?

సమాధానం:
ఆపేయకండి. పెరటి కిటికీ గ్రిల్ కోసి లోపలికి దిగినవాణ్ణి మీ డోర్ సెన్సర్లు పసిగట్టలేవు, ఆ పని హాలులోని సెన్సర్‌దే. పీఐఆర్ అనే ఈ సెన్సర్ తానుగా ఏ కిరణాన్నీ పంపదు, ఒంటి వేడి వల్ల వెలువడే పరారుణ కిరణాలను అందుకుంటుంది, అంతే. ముందున్న తెల్లని ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర మడతల్లా పట్టీలుగా విడగొడుతుంది. మనిషి ఒక పట్టీలోంచి మరో పట్టీలోకి నడిచినప్పుడు, లోపలి రెండు గ్రాహకాల మీద పడే వేడిలో వచ్చే తేడానే సెన్సర్ కదలికగా లెక్కించి ప్యానెల్‌కు చెబుతుంది. గది మొత్తం మెల్లగా వేడెక్కితే ఆ మార్పు రెండింటికీ సమానంగా తగులుతుంది కనుక సైరన్ మోగదు. కానీ పడమటి కిటికీలోంచి వచ్చే ఎండ నేరుగా కటకం మీద పడుతూ, మధ్యలో పరదా ఊగితే ఆ తేడా వచ్చి తీరుతుంది. మీకు సాయంత్రమే మోగుతోందంటే నా అనుమానం మొదట దాని మీదే.

రెండో అనుమానం బల్లి మీద. కటకం మీదుగా పాకిన బల్లి, అంత దగ్గరగా ఉన్నందువల్ల, సెన్సర్‌కు గదిలో నడిచే మనిషంత పెద్దదవుతుంది. పెంపుడు జంతువులకు మోగదని రాసి ఉన్న సెన్సర్లు కూడా ఇక్కడ ఆదుకోవు. వెనక వైరు దూరే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించండి, పురుగులు చేరే ట్యూబ్‌లైట్ పక్కన సెన్సర్‌ను ఉంచకండి.

సెన్సర్ ఆ పడమటి కిటికీకి ఎదురుగా ఉంటే, కిటికీ ఉన్న గోడ మూలకే, సుమారు 7 అడుగుల ఎత్తుకు మార్పించండి. దొంగ దానికి ఎదురుగా నడిచి వచ్చేలా కాక, దాని ముందు అడ్డంగా దాటేలా ఉండాలి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. అది కిటికీకి ఎదురుగానే ఉంది, రేపు మార్పిస్తాను. మరి ఎవరైనా వైరు కోసేసినా, కరెంటు పోయినా సంగతేమిటి?

మరొకరి సమాధానం:
డోర్ సెన్సర్‌లో, ద్వారబంధానికి బిగించిన ముక్కలో, చిన్న గాజు గొట్టం, దానిలో రెండు సన్నని లోహపు రేకులు ఉంటాయి. తలుపు రెక్క మీది అయస్కాంతం దగ్గర ఉన్నంతసేపు అవి అతుక్కుని సర్క్యూట్ నడుస్తుంది, తలుపు తెరిస్తే తెగుతుంది. అందువల్ల వైరు కోసినా ప్యానెల్‌కు తలుపు తెరిచినట్లే. కోయకుండా రెండు వైర్లనూ కలిపేసి మోసం చేయకుండా లైను చివర, సెన్సర్ దగ్గరే, ఒక రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే చిన్న ముక్క) వేయాలి, వైర్లు కలిపేస్తే ఆ అడ్డు కనబడక ప్యానెల్ పసిగడుతుంది. చాలామంది మెకానిక్కులు దాన్ని ప్యానెల్ డబ్బాలోనే వేసి వెళ్తారు, అలా వేస్తే ఉపయోగం లేదు.

కరెంటు పోతే ప్యానెల్‌లోని 12 వోల్టుల బ్యాటరీ నడిపిస్తుంది. అయితే ఇంట్లోని వైఫై రూటర్ ఆగిపోతుంది కనుక, యాప్ మీద మాత్రమే ఆధారపడితే మీకు కబురు అందదు. ప్యానెల్‌లో సిమ్ ఉంటే దాని రీచార్జ్ గడువు పండుగ మధ్యలో తీరిపోకుండా చూసుకోండి. వెళ్లే ముందు మెయిన్ ఆపి, ఒకసారి హాలులో నడిచి, సైరన్ మోగడమే కాక మీ ఫోనుకు కాల్ వస్తోందో లేదో పరీక్షించండి.

మొదటి సమాధానమిచ్చినవారు:
ఒక్క మాట చేర్చాలి. పండుగలకు ఊరు వెళ్లేవారు స్థానిక స్టేషన్లో చెప్పి వెళ్లమని పోలీసులు ఏటా కోరుతుంటారు, చెప్పి వెళ్లండి. పక్కింటివారికి మీ కోడ్ కాకుండా వేరే కోడ్ పెట్టి ఇవ్వండి. సైరన్ మోగితే ఇంట్లోకి వెళ్లవద్దనీ, 112కు ఫోన్ చేయమనీ, పోలీసులు వచ్చి చూశాకే ఆ కోడ్‌తో ఆపమనీ చెప్పండి. తిరిగి వచ్చాక ఆ కోడ్ తీసేయవచ్చు.